గవ్వలమెట్ట మీద నీలిగీతలు

నాంచారమ్మకి భయపడటం కొత్త కాదు. కొత్త గ్యాసు బండ తగిలిస్తే రెండు రోజులు భయం. వాన పడితే కొండచరియ భయం, పడకపోతే నీళ్ళ భయం. లారీ తోలే మొగుడు వీరభద్రం ఒక్కసారి ఫోను ఎత్తకపోతే చాలు, దారిలో ఎన్ని లోయలున్నాయో అన్నిట్లోనూ ఆమె మనసులో ఆ లారీ పడిపోయేది. అతను ఫోనెత్తి "అన్నం తింటన్నానే" అంటే, ఏం తిన్నాడో, ఎక్కడి నీళ్ళు తాగాడో అని ఇంకో భయం మొదలయ్యేది.

అలాంటి తల్లికి ఝాన్సీ లాంటి కూతురు పుట్టింది.

ఝాన్సీకి ఇరవై నాలుగేళ్ళు. ఇంజనీరింగు కాలేజీలో ఫిజిక్సు ల్యాబు సామాన్లు చూసుకునే ఉద్యోగం. ఉద్యోగం సంగతి అలా ఉంచితే, ఆ పిల్లకి ఊరి పిచ్చి. బెజవాడ నిద్రపోతున్నప్పుడూ, నిద్ర లేస్తున్నప్పుడూ ఫోటోలు తియ్యాలి. కాలవలో పసుపు దీపాలు పొడుగ్గా కరిగిపోవడం, బ్యారేజీ గేట్ల మీద మంచు, రైల్వే యార్డులో ఎర్రదీపాలు ఒక్కొక్కటే పచ్చగా మారడం, తొలి బస్సు వెలుతురు కొండ గోడలకి తగలడం. వీటి కోసం నాలుగింటికే లేచి, తలకి మఫ్లరు చుట్టుకుని, కెమెరా సంచీ భుజాన వేసుకుని దిగిపోయేది.

"ఊరేమన్నా పారిపోతుందా? పగలు తియ్యవే," అనేది నాంచారమ్మ.

"పగలు ఊరు అందరిదీ అమ్మా. ఆ కాసేపే నాది."

తల్లి ఒక షరతు పెట్టింది. వాళ్ళిల్లు పాతబస్తీలో గవ్వలమెట్ట అనే కొండ మీద, నూట నలభై మూడో మెట్టు దగ్గర. కాలవ అవతల ఎదురుకొండ మీద పాడుబడ్డ నీళ్ళట్యాంకు ఒకటుంది. ఝాన్సీ ఫోటోలు తీసేది ఆ ట్యాంకు మెట్ల మీంచే. ఐదింటికి నాంచారమ్మ వాకిట్లో ముగ్గు వేసి తలెత్తేసరికి, అక్కడినుంచి టార్చిలైటు మూడుసార్లు వెలగాలి. వెలిగిందా, పిల్ల బతికుంది. ఆ తరవాతే పొయ్యి వెలిగేది.

ఒక ఆదివారం ఝాన్సీ ఇంటి తలుపులూ కిటికీలూ మూసి, చీకటి చేసి, రోట్లో పటికబెల్లం ముక్క పెట్టింది.

"చూస్తూ ఉండు," అని పొత్రంతో ఒక్కటేసింది.

ముక్క పగిలిన చోట కంటికి అందీ అందనంత నీలి మెరుపు.

"కరెంటు! షాకు కొడుతుంది, వదిలెయ్యవే!" అని నాంచారమ్మ కూతురి చెయ్యి లాగేసింది.

ఝాన్సీ నవ్వి నవ్వి చెప్పింది. కొన్ని పదార్థాలు నలిగేటప్పుడు, విరిగేటప్పుడు ఇలా పిసరంత వెలుగు వదుల్తాయి. కొండరాయి కూడా అంతే, బరువు మోయలేక విరగబోయే ముందు వెలుగు వదుల్తుంది, కాకపోతే మన కళ్ళకి ఆనదు. కాలేజీలో ఫిజిక్సు చెప్పే కరీమున్నీసా మేడం ఆరేళ్ళు కష్టపడి ఆ వెలుగుని పట్టే పలక ఒకటి తయారుచేసింది. అరచేతిలో పట్టేంత నల్లటి పలక. దాన్ని ఝాన్సీ కెమెరా వెనక బిగించింది.

"మిగతా వాళ్ళెవరూ దొరకలేదా ఆవిడకి?"

"వీధిదీపాలుంటే పలక మసకేస్తుందమ్మా. ఎండొస్తే గుడ్డిదైపోతుంది. దీపాలు ఆర్పేశాక, పొద్దు పొడిచే లోపల ఒక ఇరవై నిమిషాలు. అంతే దాని బతుకు. ఆ ఇరవై నిమిషాల్లో ఊళ్ళో ఎక్కణ్ణించి ఏం కనపడుతుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

ఆ మాట నిజమే. ఊళ్ళో ఏ కొండ మీద ఏ డాబా ఎత్తో, ఏ దీపం ఎన్నింటికి ఆరుతుందో ఆ పిల్లకి నోటిలెక్క.

వారం తిరిగేసరికి పలక మీద గవ్వలమెట్ట పడింది. చీకటి కొండ, దాని మీద మెట్ల వరస పొడుగునా నీలిగీతలు. అరవై ఒక్క ఇళ్ళున్న వరసలో దాదాపు ఇంటింటి ముందూ ఒక గీత. ఝాన్సీ ఆ ఫోటో చూసి అన్నం ముట్టలేదు. అంతకు ముందు వానాకాలమే వేరే కొండ మీద బండ జారి ఇద్దరు పోయారు. తల్లి భయం మొదటిసారి కూతురికి అంటుకుంది. మేడంతో మాట్లాడి, ఆ ఫోటోని కొండవాడల భద్రతా విభాగానికి తనే తీసుకెళ్ళి ఇచ్చింది.

పదో రోజున కాగితాలొచ్చాయి. గవ్వలమెట్ట నడిమి వరస విరగబోతోందట. ఇరవై రోజుల్లో ఇళ్ళు ఖాళీ చెయ్యాలి. ఊరి బయట మూడంతస్తుల గదులిస్తారు. అరవై ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో చుక్క పెట్టి పోయారు.

అరవై ఒకటిలో ఒక్కటి మిగిలింది. నాంచారమ్మ ఇంటికి రెండు మెట్లు పైన ఉండే సూరమ్మది.

"లంచం ఇచ్చిందిరా ముసలిది," అన్నారు జనం.

సూరమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. గుమ్మంలో కూర్చుని అందరికీ వినపడేలా అంది. "నా దగ్గరున్నయ్యి రెండు పళ్ళూ ఒక పిల్లీ. అందులో ఏది తీసుకున్నాడో ఆ ఆఫీసరునే అడగండి!"

సూరమ్మ మీద కోపం మాటలతో పోయింది. ఝాన్సీ మీద కోపం అలా పోలేదు. నాంచారమ్మ చీరలకి ఫాల్సు కుట్టి, జాకెట్లు కుట్టి సంసారం నడుపుతుంది. కుట్టకముందే గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు. మెట్ల మీద ఝాన్సీ ఎదురైతే ఆడవాళ్ళు బిందె చంక మార్చుకుని పక్కకి తిరిగేవాళ్ళు. "మా కొంపలే దొరికాయా ఫోటోకి?" అని ఒకామె మొహం మీదే అడిగింది. కింద నాలుగు కుటుంబాలవాళ్ళు అప్పుడే సామాన్లు కట్టుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ గోడలు ఆ సాయంత్రమే పడగొట్టేశారు.

ఝాన్సీ కెమెరా సంచీ తీసి బీరువా మీద పెట్టేసింది. నాలుగింటికి లేవడం మానేసింది.

ఎన్నేళ్ళుగానో మొక్కుకున్నది జరిగింది కదా, తల్లి సంతోషించాలి. నాంచారమ్మ మాత్రం ఐదింటికి ముగ్గు వేసి, అలవాటు కొద్దీ తలెత్తి ఎదురుకొండ కేసి చూసేది. ట్యాంకు మీద చీకటి. పిల్ల లోపల మంచం మీదే ఉందని తెలుసు, ఊపిరి తీస్తోందని తెలుసు. అయినా ఆ చీకటి చూశాక ఆమెకి పొయ్యి వెలిగించబుద్ధయ్యేది కాదు.

ఇంకో సంగతి కూడా ఆమెని కుదురుగా కూర్చోనివ్వలేదు. ఈ కాగితం మాత్రం ఆమెకి భయం పుట్టించలేదు.

ఇరవై ఐదేళ్ళ కింద, కడుపుతో ఉండి కంకర తట్టలు మోసి కట్టుకున్న ఇల్లు అది. ఆనాటినుంచీ ప్రతి వానాకాలం కొండకి చెవొగ్గి పడుకుంది. గోడల్లో, మెట్ల పక్క అడ్డుగోడల్లో ఎక్కడ సన్నటి బీట కనపడినా పాత కేలెండరు కాగితాన్ని పట్టీలుగా కత్తిరించి, మైదాపిండి జిగురుతో బీటకి అడ్డంగా అంటించేది. బీట కదిలితే కాగితం చిరగాలి. రోజూ సాయంత్రం తిరిగి చూసుకునేది. జనం ఆమెని "కాగితాల నాంచారి" అని ఏడిపించేవాళ్ళు. తమ వరసలో ఏళ్ళ తరబడి ఒక్క కాగితం చిరగలేదు. చిరిగింది ఒకే చోట, బాగా పైన. కొండ నెత్తిన కొత్తగా ఒక హోటలు కట్టారు, అద్దాల నేలతో, ఊరంతా కనపడే ఈతకొలనుతో. దాని కిందున్న అడ్డుగోడ మీద వేసిన పట్టీలు మూడు నెలల్లో రెండుసార్లు చిరిగాయి.

ఇదే చెబుదామని ఆమె భద్రతా విభాగానికి పోయింది. ఇంజనీరు పానకాలరావు మర్యాదస్తుడే. కుర్చీ చూపించాడు.

"మా వరస జారదు సార్. జారితే పైన జారాలి."

"ఎలా తెలుసమ్మా నీకు? ఏం చదువుకున్నావు?"

"ఏడు."

"ఇదిగో, చూడు." కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు. కొండ నిండా ఎర్రగీతలు. "నీ కూతురు తీసిందే. మా కంప్యూటరు ఒక్కో గీతనీ కొలిచి ఎర్రగా చూపించింది. పైన కూడా ఒకటుంది, కాదన్ను. కింద అరవై ఉంటే పైదొక్కటీ ఎవరు చూస్తారమ్మా? ముందు మనుషులున్న చోటు ఖాళీ చేయించాలిగా?"

"మరి మా కాగితాలు చిరగలేదేంటి సార్?"

ఆయనకి నవ్వొచ్చింది. "బయట మీవాళ్ళే చెప్పారు, నువ్వు అన్నిటికీ భయపడే మనిషివట. తీరా భయపడాల్సిన చోట భయపడవేమ్మా?"

"ఎక్కడ భయపడాలో ఎరిగుండబట్టే సార్, ఆ కొండ మీద ఇన్నాళ్ళు బతికాం," అని నాంచారమ్మ లేచి వచ్చేసింది. అంత మాట ఎలా అన్నానా అని ఆ రాత్రి దాని గురించి కూడా కాసేపు భయపడింది.

గడువు ఇంకా ఎనిమిది రోజులుందనగా, తెల్లవారుజామున సూరమ్మ పైన వాకిట్లో వంగి మెల్లిగా గీతలు లాగుతోంది. నాంచారమ్మ కింద ముగ్గుగిన్నె పట్టుకుని, ఎదురుకొండ కేసి చూస్తూ నిలబడిపోయింది.

"ఏం చూస్తావే ఆ చీకట్లోకి? ముగ్గెయ్యి," అంది సూరమ్మ. తన గిన్నెలోంచి చిటికెడు తీసి మెట్టు మూలకి విదిల్చింది. "తినండే తల్లుల్లారా. మీకూ పొద్దు పొడవాలిగా."

"ఎవరితో అత్తా?"

"చీమల్తో. నేనింకా బియ్యప్పిండే వేస్తానుగా. మీ రాతిపిండి తింటే వాటి నోరు విరుగుద్ది."

రాతిపిండి.

ముగ్గుపిండి ముగ్గుపిండి అని నలభై ఏళ్ళుగా అంటూ, అది రాయే అన్న సంగతే మర్చిపోయింది నాంచారమ్మ. రాయిని దంచితే వచ్చిన పిండి. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి నలిపి గీత లాగుతుంది. వరసలో ప్రతి ఆడదీ లాగుతుంది, ఐదింటికే. ఒక్క సూరమ్మ తప్ప.

రోట్లో పటికబెల్లం కళ్ళ ముందు మెరిసింది.

ఆమె ఇంట్లోకి ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. ముగ్గుగిన్నెలో సగం దారిలోనే ఒలికిపోయింది.

"ఒసేయ్, లే! లేచి నీ పలక తియ్యి!"

"ఏమైందమ్మా? ఎవరికేమైంది?" ఝాన్సీ ఉలిక్కిపడి లేచింది.

"ఎవరికీ ఏం కాలా. కిటికీ ముయ్యి."

చీకటి గదిలో కెమెరా పెట్టి, దాని ముందు నేల మీద నాంచారమ్మ రోజూ వేసే రెండు అడ్డగీతలు లాగింది. ఝాన్సీ మీట నొక్కి, చిన్నతెర కేసి చూసి, అలాగే నేల మీద కూలబడింది. నల్లటి తెర మీద రెండు నీలిగీతలు. గీత చివర నాంచారమ్మ వేలు ఎప్పుడూ కాస్త కుడికి విసురుతుంది. ఆ విసురుతో సహా.

"ఇవి బీటలు కావు," అంది ఝాన్సీ. "అమ్మా, నీ ముగ్గుని చూసి మనిల్లు కూలగొడతన్నారు."

ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

ఆ మధ్యాహ్నం ల్యాబులో కరీమున్నీసా మేడం అదే పని నాలుగుసార్లు చేసి చూసింది. రాతిపిండితో గీస్తే వెలుగు, గంటన్నర దాకా. బియ్యప్పిండితో గీస్తే ఏమీ లేదు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆరేళ్ళు, నాంచారమ్మగారూ. లోకంలో ఉన్న రాళ్ళన్నీ బిగించి విరగ్గొట్టాను. ఆ రాయినే పిండి చేసి వేళ్ళ మధ్య నలుపుతారని నాకు తట్టలేదు. మా ఇంట్లో ముగ్గు వెయ్యం."

"ముగ్గేసే వేళకి నేనెప్పుడూ ఇంట్లో లేను," అంది ఝాన్సీ నేల చూపులు చూస్తూ.

"ఆ ఇంజనీరు ఐదింటికెప్పుడూ లేచుండడు," అంది నాంచారమ్మ. ముగ్గురికీ నవ్వొచ్చింది.

మేడం వెంటనే తేరుకుంది. "అయితే సులువు. రేపు ఒక్క పూట వరసలో ఎవరూ ముగ్గు వెయ్యొద్దు. ఝాన్సీ ఫోటో తీస్తుంది. గీతలుండవు. అదే రుజువు."

"వెయ్యకుండానా?" నాంచారమ్మ చెంపలేసుకుంది. "శవం లేచిన ఇంటి ముందే మేడంగారూ ముగ్గుండనిది. అరవై గడపలు బోసిగానా? మా ఆయన రోడ్డు మీదున్నాడు. నేను చెయ్యను, చెయ్యమని ఒకళ్ళకి చెప్పను."

"ఒక్క పూటే కదమ్మా! నీ భయంతోనే ఇల్లు పోతుంది," అని కూతురు అరిచింది.

"నా భయంతోనే దక్కుతుంది. నోరుముయ్యి, ఆలోచించుకోనీ."

ఆలోచించడం అంటే నాంచారమ్మకి తెలిసిన పద్ధతి ఒకటే. ఏమేం చెడిపోవచ్చో అన్నీ వరసగా తలుచుకోవడం. ల్యాబు స్టూలు మీద కూర్చుని వేళ్ళు మడవడం మొదలుపెట్టింది.

"ముగ్గు మానం. పిండి మారుస్తాం. అందరూ సూరమ్మత్తలాగా బియ్యప్పిండితో వేస్తారు. సరేనా? అప్పుడు ఆయన, అసలు ముగ్గులే వెయ్యలేదంటాడు. అందుకని మామూలు కెమెరాతో కూడా తియ్యి, ముగ్గులు తెల్లగా కనపడాలి. ఆ రోజు మీ పలక పాడైందంటాడు. అందుకని ఒక్క ఇంటి ముందు రాతిపిండే వెయ్యాలి, అదొక్కటీ వెలగాలి. అది పాత ఫోటో అంటాడు. అందుకని ఏం ముగ్గు వెయ్యాలో ముందురోజు సాయంత్రం ఆయన్నే అడగాలి."

కరీమున్నీసా మేడం కళ్ళజోడు పెట్టుకుని ఆమె కేసి వింతగా చూసింది. "ఇదంతా మేం పిల్లలకి నాలుగేళ్ళు చెప్తాం. అయినా రాదు."

"ఎవరింటి ముందమ్మా రాతిపిండి?" అంది ఝాన్సీ నెమ్మదిగా. "ఆయన వినకపోతే, ఆ వెలిగిన ఇల్లొక్కటీ కూలగొట్టడానికి మనమే రుజువిచ్చినట్టవుతుంది."

నాంచారమ్మ ఆ మాట అప్పటికే తలుచుకుంది. మడవని వేలు ఒకటి మిగిలుంది. దాన్ని కూడా మడిచేసింది.

"మనింటి ముందే. ఇంకొకళ్ళని ఎలా అడుగుతాను?"

ముగ్గులు వెయ్యబోయే ముందురోజు సాయంత్రం ఆమె మళ్ళీ ఆఫీసుకి పోయింది. పానకాలరావు సంచీ సర్దుకుంటున్నాడు.

"సార్, రేపు మా వాకిట్లో ఏం ముగ్గు వెయ్యమంటారో చెప్పండి."

ఆయన తెల్లబోయి, తరవాత నవ్వేశాడు. "నాకేం తెలుసమ్మా ముగ్గులు? నా పేరేసుకో."

"కాగితం మీద రాసివ్వండి సార్. తేదీ కూడా."

ఇదేదో తొందరగా వదిలిపోతే చాలనుకుని రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు.

ఆ రాత్రి వరసలో ఇల్లిల్లూ తిరిగి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. సగం మంది తలుపు తియ్యలేదు. తీసినవాళ్ళు వెటకారం చేశారు. చివరికి సూరమ్మ కర్ర పట్టుకుని ముందు నడిచింది. "ఒక్క గుప్పెడు పిండి విదిలిస్తే మీ ఇల్లు నిలబడుతుందంటే అదీ విదల్చలేకపోతే, పొండి, మూడో అంతస్తెక్కి చావండి. అక్కడ వాకిలీ ఉండదు, చీమలూ ఉండవు." ముసలిదాని నోటికి జడిసి తలుపులు తెరుచుకున్నాయి. ఇంట్లో బియ్యప్పిండి లేనివాళ్ళకి నాంచారమ్మ అట్లకని పెట్టుకున్న పిండి పంచింది.

నాలుగున్నరకి గవ్వలమెట్ట మీద చీపుళ్ళ చప్పుడు మొదలైంది. వెళ్ళిపోయినవాళ్ళ నాలుగు వాకిళ్ళూ కూడా ఎవరో ఊడ్చారు. గోడల్లేని గడపల ముందు కూడా ముగ్గు పడింది.

నాంచారమ్మ తన వాకిలంతా తుడిచి రాతిపిండి గిన్నె పట్టుకుని కూర్చుంది. ఎదురుకొండ నుంచి కనపడాలంటే అక్షరం నిలువెత్తు ఉండాలి. 'పా' వేసేసరికి మెట్టు నిండింది. 'న' పక్కింటి హద్దులోకి పోయింది.

పక్కింటి గంగాభవాని తొంగిచూసింది. "ఎవరి పేరొదినా? అన్నయ్య పేరైనా ఎప్పుడూ వాకిట్లో వేసినదానివి కావే!"

"ఇల్లు కూలగొట్టే మగాడి పేరు. జరుగు, 'కా' పట్టట్లేదు."

వరసంతా పగలబడి నవ్వారు. కాగితాలొచ్చాక ఆ మెట్ల మీద అదే మొదటి నవ్వు.

వీధిదీపాలు ఆరిపోయాయి. కొండ ఒక్కసారిగా చీకట్లో మునిగింది. వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చున్న నాంచారమ్మకి తన పిండిలో ఏ వెలుగూ కనపడలేదు. నేల మీద తెల్లటి అక్షరాలు, అంతే. ఒకవేళ మేడం లెక్క తప్పైతే? పలక పడి పగిలిపోయుంటే? పిల్ల ఆ పాడుబడ్డ మెట్ల మీంచి జారిపోయుంటే?

ఎదురుకొండ మీద టార్చి వెలిగింది. ఒకటి. రెండు. మూడు.

నాంచారమ్మ నేల మీద చెయ్యి ఆన్చి లేచి, పోయి పొయ్యి వెలిగించింది.

గడువు రోజు పొద్దున్నే పానకాలరావు పాతికమంది పనివాళ్ళతో మెట్లెక్కి వచ్చాడు. సమ్మెటలు, గునపాలు. నూట నలభై మూడో మెట్టు మీద, దారికి అడ్డంగా, నాంచారమ్మ కుట్టుమిషను బల్ల వేసుంది. బల్ల మీద రెండు పెద్ద ఫోటోలు. పక్కన ఝాన్సీ, మేడం. వెనక వరసలో ఆడవాళ్ళంతా.

"ఏంటమ్మా ఇది? దారివ్వు."

"చూసి వెళ్ళండి సార్."

మొదటి ఫోటోలో తెల్లవారుజాము గవ్వలమెట్ట. అరవై ఒక్క వాకిళ్ళలో తెల్లటి ముగ్గులు. రెండోది అదే కొండ, అదే నిమిషం, పలక మీద. వరసంతా కటిక చీకటి. నడుమ ఒక్క ఇంటి ముందు నీలంగా, కొంచెం వంకరగా, చివర కుడికి విసురుతో ఆయన పేరు.

పానకాలరావు తన పేరు మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు. ఆయన తేదీ వేసి రాసిచ్చిన కాగితం నాంచారమ్మ చేతిలో ఉంది, ఆయన సంతకంతో.

మేడం పలక సంగతి చెప్పింది. ఆయన విన్నాడు. ఫోటో మీద వేలు పైకి జరుపుకుంటూ పోయాడు. చీకటి కొండ నెత్తిన, హోటలు కింద, ఇంకో గీత ఉంది. సన్నగా మొదలై, అడ్డుగోడ పొడుగునా పాకి, ఈతకొలను కింద లావెక్కిన గీత.

"ఇదీ ముగ్గే అయుంటుంది," అన్నాడు చివరికి. ఆ మాట ఆయనకే నచ్చినట్టు లేదు.

"అలాగే అనుకుందాం సార్," అంది నాంచారమ్మ. "ఆ కొలను కింద ఏ ఆడది ముగ్గేసిందో పిలిపించండి. గీత చూస్తే చెయ్యి ఎవరిదో నేను చెబుతాను."

పనివాళ్ళలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గాడు. పానకాలరావు నవ్వలేదు. ఫోటో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"మీ కాగితాలు చిరిగిన చోటు ఎక్కడమ్మా? చూపించండి," అన్నాడు.

ఆయన తనని 'మీరు' అన్నది వరసంతా విన్నారు.

ఆ సాయంత్రంనుంచి రెండు రోజులపాటు కొలనులో నీళ్ళు గొట్టాల వెంట కిందికి పోతూనే ఉన్నాయి. హోటలువాళ్ళు పెద్దవాళ్ళతో ఫోన్లు చేయించారు. మూడో రోజు ఖాళీ కొలను అడుగున మనిషి చెయ్యి పట్టేంత నెర్ర బయటపడింది, ఆ తరవాత ఫోన్లు ఆగిపోయాయి. అది తెగుంటే నీళ్ళూ బండలూ నేరుగా వచ్చి పడేది నడిమి వరస మీదే.

అరవై ఇళ్ళ కాగితాలు రద్దు కాలేదు. 'వాయిదా' అన్నారు. వెళ్ళిపోయిన నాలుగు కుటుంబాల్లో రెండే తిరిగొచ్చాయి, పడిపోయిన గోడల మధ్య టార్పాలిన్లు కట్టుకుని. మిగతా రెండు గడపల ముందు గంగాభవాని రోజూ ముగ్గు వేస్తూ ఉంది. ఝాన్సీ ఆ రెండు గడపలు దాటేటప్పుడు ఇప్పటికీ తల దించుకుంటుంది.

నెల తిరిగాక భద్రతా విభాగం నుంచి ఇంకో కాగితం వచ్చింది. పరిశీలనకి వీలుగా ఉండటం కోసం కొండవాసులెవరూ ఉదయం ఆరు గంటల లోపు ముగ్గులు వేయరాదు.

ఝాన్సీ చదివి వినిపించింది. నాంచారమ్మ ఫోను తీసుకుని పానకాలరావుకి తనే చేసింది.

"సార్, మాకు ముగ్గు మాన్పించే కన్నా మీ కంప్యూటరుకి ముగ్గు నేర్పించుకోవడం సులువు. పంపండి, మా వరసలో యాభై తొమ్మిది మంది పంతులమ్మలున్నాం. ఫీజు కూడా అడగం."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. తరవాత, "మేడంగారితో మాట్లాడతానమ్మా," అని వినపడింది.

ఫోను పెట్టేసి ఆమె కత్తెర తీసింది. ఆ కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించింది. మందంగా, గట్టిగా ఉంది, కేలెండరు కంటే నయం. మైదా జిగురు కలుపుకుని, సాయంత్రం ఎండ తగ్గాక మెట్లెక్కి, అడ్డుగోడ మీద ప్రతి బీటకీ ఒక పట్టీ అంటించుకుంటూ వచ్చింది. 'వేయరాదు' అన్న ముక్క అన్నిటికంటే పెద్ద బీటకి అడ్డంగా పడింది.

"మళ్ళీ ఎందుకమ్మా? కొలను ఖాళీ అయిందిగా," అంది ఝాన్సీ.

"వానాకాలం రాదా ఏంటి?"

మర్నాడు నాలుగింటికి ఝాన్సీ మఫ్లరు చుట్టుకుని, సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది. మెట్లు తడిగా ఉన్నాయి, చూసి దిగు, ఆ ట్యాంకు రెయిలింగు పట్టుకోకు తుప్పు పట్టింది, కుక్కలుంటాయి, నీళ్ళ సీసా పెట్టుకున్నావా అంటూ నాంచారమ్మ మలుపు దాకా వెనకాలే వెళ్ళింది.

తిరిగొచ్చి వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, రాతిపిండి గిన్నె తీసుకుంది. ఆరు కాలేదు, ఐదే. చిన్న ముగ్గుతో సరిపెట్టుకోలేదు. గడప దగ్గర మొదలుపెట్టి, మెట్టు దాటి, కింది మెట్టు దాటి, పట్టినంత మేర లాగింది. పైన సూరమ్మ చీమలతో మాట్లాడుతోంది. దీపాలు ఆరిపోయాయి.

నాంచారమ్మ నడుము పట్టుకుని నిలబడి, ఎదురుకొండ చీకట్లోకి చూస్తూ లెక్కపెట్టుకుంది.

ఒకటి. రెండు.

మూడోది రావడానికి కొంచెం ఆలస్యమైంది. ఆ కొంచెంలోనే ఆమె భయపడాల్సినవన్నీ భయపడేసింది.